అడగని ప్రకటనల మెయిళ్లపై చట్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మెయిల్ పంపడం నేరమా? ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఇన్ని చట్టాలున్నా ఇన్‌బాక్స్ ఎందుకు నిండుతోంది? స్పామ్ చట్టాల గురించి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాం. ఏ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## చట్టం అవసరం ఎందుకు వచ్చింది

పోస్టులో వచ్చే కరపత్రాలకు లేని గొడవ ఈమెయిల్‌కే ఎందుకు?

ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నదే తేడా. కరపత్రానికి అచ్చు ఖర్చు, తపాలా ఖర్చు పంపేవాడివే. అందుకే కొనేలా ఉన్నవాళ్లను ఏరుకుని పంపుతాడు. ఈమెయిల్‌లో పదిలక్షల మందికి పంపాక ఇంకొకరికి పంపడానికి అయ్యే అదనపు ఖర్చు దాదాపు సున్నా. సర్వరు, నిల్వ, వడపోత, చెరిపేయడానికి పట్టే సమయం మాత్రం అందుకునేవాళ్లవీ, వాళ్ల మెయిల్ సంస్థవీ. లక్షమందిలో ఒక్కరు కొన్నా గిట్టుబాటయ్యే పని కాబట్టి, తగ్గించుకోవాలన్న ఆలోచన పంపేవాడికి తనంతట తనకు రాదు. అమెరికా 1991లో అడగని ఫ్యాక్స్ ప్రకటనలను నిషేధించి, ఒక్కో ఫ్యాక్స్‌కు 500 డాలర్లు రాబట్టుకునే హక్కు అందుకున్నవారికి ఇచ్చింది. కాగితమూ సిరా కూడా వాళ్లవే కదా అన్నది అక్కడి వాదన. ఈమెయిల్ చట్టం కోరినవాళ్లు మొదట పట్టుకున్నది ఆ పోలికనే.

నాకు నచ్చని మెయిలల్లా స్పామేనా?

కాదు. చట్టాలు ప్రధానంగా చూసేవి రెండు: అది వాణిజ్యపరమైనదా, దానికి మీ సమ్మతి ఉందా. అమెరికా చట్టం మెయిల్ 'ప్రధాన ఉద్దేశం' ఏమిటని అడుగుతుంది. ఆర్డరు స్థితి, రసీదు, వారంటీ సమాచారం, ఖాతాలో మార్పు వంటివి లావాదేవీ మెయిళ్లు. వాటికి చాలా నిబంధనలు వర్తించవు. రెండూ కలిసిన మెయిల్ అయితే, సబ్జెక్ట్ లైన్ చూసి చదివేవాడు అది ప్రకటన అనుకునేలా ఉన్నా, లావాదేవీ సమాచారాన్ని ప్రకటన కిందికి తోసేసినా వాణిజ్య మెయిల్‌గానే లెక్క. వేల సంఖ్యలో పంపితేనే తప్పు అనుకోవడం కూడా పొరపాటే. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా చట్టాలు ఒక్క మెయిల్‌కైనా వర్తిస్తాయి.

ప్రత్యేక చట్టం రాకముందు స్పామర్లను ఎలా ఆపేవారు?

పాతకాలపు ఆస్తి చట్టంతో. 1997లో ఒహాయోలోని ఫెడరల్ కోర్టు, ఇంటర్నెట్ సేవల సంస్థ కంప్యూసర్వ్ వేసిన కేసులో, వద్దన్నాక కూడా సైబర్ ప్రమోషన్స్ అనే ప్రకటనల కంపెనీ ఆ సంస్థ సర్వర్లలోకి మెయిళ్లు గుమ్మరించడం ఇతరుల వస్తువులోకి చొరబడటమేనని చెప్పింది. ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు. 2003లో ఇంటెల్ వర్సెస్ హమీదీ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, కంప్యూటర్ వ్యవస్థకు హాని జరగకపోతే చొరబాటు వాదన నిలబడదని తేల్చింది. పైగా ఇలాంటి కేసు నడిపే స్తోమత పెద్ద సంస్థలకే ఉంటుంది.

## బిల్లుల దశ

మెయిల్ అడుగున "ఎస్.1618 బిల్లు ప్రకారం ఇది స్పామ్ కాదు" అని ఉంది. నిజమేనా?

నిజం కాదు. ఎస్.1618 అన్నది 1998లో అమెరికా సెనేట్ ఆమోదించిన బిల్లు. ప్రతినిధుల సభ దాటలేదు, అధ్యక్షుడి సంతకం పడలేదు. అంటే అది ఏనాడూ చట్టం కాలేదు. అయినా స్పామర్లు ఏళ్ల తరబడి ఆ నంబరును మెయిళ్ల కింద ముద్రలా వేసుకున్నారు. చట్టం మాట కనబడితే చదివేవాడు వెనక్కి తగ్గుతాడని వాళ్ల లెక్క. నిజాయతీగా పంపే సంస్థకు "ఇది స్పామ్ కాదు" అని రాసుకోవలసిన అవసరం రాదు. అలాంటి వాక్యం కనిపిస్తే ఆ మెయిల్‌ను మరింత అనుమానంగా చూడండి.

ఆప్ట్-ఇన్, ఆప్ట్-అవుట్ అని వాదించుకుంటారు. ఇంతకీ తేడా ఏమిటి?

ఆప్ట్-ఇన్ అంటే మీరు సరే అన్నాకే పంపాలి. ఆప్ట్-అవుట్ అంటే మీరు వద్దనేదాకా పంపవచ్చు. చూడటానికి చిన్న తేడా, కానీ చట్టం స్వభావమంతా ఇందులోనే ఉంది. ఆప్ట్-అవుట్‌లో ప్రతి సంస్థకూ కనీసం ఒక మెయిల్ పంపే హక్కు పుడుతుంది. దేశంలో లక్ష వ్యాపారాలుంటే లక్షసార్లు "వద్దు" అని చెప్పే పని మీ మీద పడుతుంది. పేరు మార్చుకుని మళ్లీ వస్తే మళ్లీ చెప్పాలి. ఆప్ట్-ఇన్‌లో రుజువు భారం పంపినవాడిది: ఈ చిరునామా ఎక్కడిది, ఎప్పుడు ఒప్పుకున్నారు, దేనికి ఒప్పుకున్నారు అన్నవి అతనే చూపాలి. ఖర్చును ఇతరుల మీదికి నెట్టే పద్ధతికి అనుమతి ముందే తీసుకోవడమే న్యాయమన్నది మా అభిప్రాయం. అమెరికా రెండోదారి పట్టింది. ఐరోపా దేశాలు, కెనడా, ఆస్ట్రేలియా మొదటిదారి ఎంచుకున్నాయి. జపాన్ 2002లో ఆప్ట్-అవుట్‌తో మొదలుపెట్టి, అది సరిపోక 2008 సవరణతో ఆప్ట్-ఇన్‌కు మారింది. ఆ రెండూ చేసి చూసిన దేశం అనుభవానికి విలువ ఇవ్వాలి.

ఫోన్ కాల్స్‌కు ఉన్నట్టు "నాకు పంపొద్దు" జాబితా ఈమెయిల్‌కు ఎందుకు లేదు?

ఆ సాధ్యాసాధ్యాలు చూడమని అమెరికా కాంగ్రెస్, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను (ఎఫ్‌టీసీ) కోరింది. 2004 జూన్‌లో వచ్చిన నివేదిక వద్దనే చెప్పింది. పంపినవాడెవరో కచ్చితంగా తేల్చే సాంకేతికత లేనప్పుడు జాబితాను ఉల్లంఘించినవాడిని పట్టుకోలేం. పైగా పనిచేస్తున్న చిరునామాలన్నీ ఒకే మూటలో స్పామర్ల చేతికి చిక్కే ప్రమాదం ఉంది. యూటా, మిషిగన్ రాష్ట్రాల్లో మాత్రం పిల్లలకు అందే చిరునామాల కోసం ఇలాంటి నమోదు జాబితాలు ఉన్నాయి.

సబ్జెక్ట్ లైన్‌లో "ప్రకటన" అని రాయిస్తే ఫిల్టరే పట్టేస్తుంది కదా?

చాలా దేశాలు అలాగే అనుకున్నాయి. దక్షిణ కొరియా, జపాన్, సింగపూర్ చట్టాల్లో ఇలాంటి గుర్తు నిబంధన వచ్చింది. చిక్కేమిటంటే, గుర్తు పెట్టేది చట్టానికి లోబడేవాడే. మోసగాడు పెట్టడు, లేదా అక్షరాల మధ్య చుక్క దూర్చి ఫిల్టర్ కళ్లు గప్పుతాడు. ఈ కారణాలు చూశాకే ఎఫ్‌టీసీ 2005లో తప్పనిసరి గుర్తు వద్దని సిఫారసు చేసింది.

ఇలాంటి చట్టం వాక్ స్వాతంత్ర్యానికి అడ్డం కాదా?

ఎంత గురిగా రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1970లోనే అమెరికా సుప్రీంకోర్టు, వద్దన్న ఇంటికి ప్రకటనలు పంపే హక్కు ఎవరికీ లేదని పోస్టు విషయంలో చెప్పింది. అబద్ధపు ప్రకటనకు రాజ్యాంగ రక్షణ కూడా దొరకదు. కానీ వర్జీనియా చట్టం వాణిజ్య మెయిళ్లకే పరిమితం కాకుండా, చిరునామా దాచి పంపే ప్రతి మూకుమ్మడి మెయిల్‌నూ నేరం చేసింది. దాని కింద తొమ్మిదేళ్ల శిక్ష పడిన స్పామర్ అప్పీలు మీద 2008లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్నే కొట్టేసింది: పేరు చెప్పకుండా రాజకీయ, మత అభిప్రాయాలు పంపుకునేవారిని కూడా అది నేరస్తులను చేస్తుందని. ముసాయిదాలో 'వాణిజ్య' అన్న ఒక్క మాట లేకపోవడం ఎంత ఖరీదైనదో ఆ కేసు చూపుతుంది.

## అమల్లో ఉన్న చట్టాలు

అమెరికా క్యాన్-స్పామ్ చట్టం ఏం చేయమంటుంది?

2003 డిసెంబరు 16న సంతకం పడి, 2004 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ముందస్తు సమ్మతి అడగదు. అడిగేవి ఇవి: పంపినవారి పేరు, చిరునామా, మెయిల్ దారి వివరాలు అబద్ధం కాకూడదు. సబ్జెక్ట్ లైన్ మోసం చేయకూడదు. అది ప్రకటన అని తెలియాలి. పంపినవారి తపాలా చిరునామా ఉండాలి. నమోదైన పోస్టుబాక్స్ అయినా చాలు. వద్దని చెప్పే దారి ఉండాలి, అది మెయిల్ పంపాక కనీసం 30 రోజులు పనిచేయాలి. వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపాలి. ఆపడానికి డబ్బు అడగకూడదు, ఈమెయిల్ చిరునామా తప్ప వేరే వివరం అడగకూడదు, ఒక పేజీ లేదా ఒక జవాబు మెయిల్‌కు మించి తిప్పకూడదు. ఉల్లంఘించిన ఒక్కో మెయిల్‌కు జరిమానా 2025 నాటికి 53,088 డాలర్ల వరకు వెళ్లవచ్చు. హెడర్లు (మెయిల్ ఎవరి నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పే వివరాలు) మార్చడం, ఇతరుల కంప్యూటర్లలో చొరబడి పంపడం వంటివి జైలు శిక్ష పడే నేరాలు.

మరి ఆ చట్టాన్ని అంతమంది ఎందుకు విమర్శిస్తారు?

రాష్ట్రాలు తెచ్చిన గట్టి చట్టాలను అది పక్కకు నెట్టింది. కాలిఫోర్నియా ముందస్తు సమ్మతి కోరే చట్టం చేసి 2004 జనవరి 1 నుంచి అమలు చేయబోతుండగా, అదే రోజు అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం దానిని చెల్లకుండా చేసింది. అబద్ధాలనూ మోసాన్నీ నిషేధించే రాష్ట్ర నిబంధనలు మాత్రం మిగిలాయి. రెండో లోపం, మామూలు మనిషికి కేసు వేసే హక్కు లేదు.

ఐరోపా నియమం ఏమిటి? పాత కొనుగోలుదారులకు పంపవచ్చంటారు కదా?

2002 నాటి ఈ-ప్రైవసీ ఆదేశంలోని 13వ అధికరణం వ్యక్తులకు ప్రకటనల మెయిల్ పంపాలంటే ముందే సమ్మతి ఉండాలంటుంది. ఒక్క మినహాయింపు ఉంది. మీ దగ్గర కొన్నప్పుడు మీరే చిరునామా తీసుకుని ఉంటే, మీ సొంత, అలాంటివే అయిన వస్తువుల గురించి పంపవచ్చు. చిరునామా తీసుకునేటప్పుడూ, ఆ తర్వాత ప్రతి మెయిల్‌లోనూ ఉచితంగా వద్దనే అవకాశం ఇవ్వాలి. జనం తప్పు చేసేది 'మీ సొంత', 'అలాంటివే' అన్న రెండు మాటల దగ్గర: అనుబంధ సంస్థ సరుకుకు ఈ మినహాయింపు పనికిరాదు. 2018లో అమల్లోకి వచ్చిన ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి కాదు.

కెనడా చట్టం అన్నిటికంటే కఠినం అంటారు. ఎందుకు?

2014 జులై 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో సమ్మతి ఉందని నిరూపించాల్సింది పంపినవాడే. వ్యాపార సంబంధం వల్ల కలిగే సమ్మతికి కూడా గడువు ఉంది: కొనుగోలు తర్వాత 2 ఏళ్లు, కేవలం విచారించినవారైతే 6 నెలలు. గడువు దాటినా జాబితాలో పేరు మిగిలిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు. ప్రతి చిరునామా పక్కన తేదీ నమోదు చేసుకోకపోతే ఇది తప్పదు. ఒక్కో ఉల్లంఘనకు సంస్థకైతే కోటి కెనడా డాలర్లు, వ్యక్తికైతే 10 లక్షల వరకు జరిమానా. ప్రజలు నేరుగా దావా వేసే నిబంధన 2017 జులైలో రావలసి ఉండగా, కొద్దివారాల ముందు ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. వ్యాపారుల ఒత్తిడికి ప్రజల హక్కు ఆగిపోయిందన్న బాధ చాలామందికి ఉంది, మాకూ ఉంది.

ఆస్ట్రేలియా సంగతి?

2003 స్పామ్ చట్టం మూడు మాటల్లో ఇమిడిపోతుంది: సమ్మతి, గుర్తింపు, అన్‌సబ్‌స్క్రైబ్ (ఇక వద్దని చెప్పే వీలు). వద్దన్నాక 5 పనిదినాల్లో ఆపాలి. ఇంటర్నెట్ నుంచి చిరునామాలు ఏరే సాఫ్ట్‌వేర్‌నూ అలా తయారైన జాబితాలనూ స్పామ్ కోసం అమ్మడం, కొనడం, వాడడం కూడా నిషేధమే. రాజకీయ పార్టీలకు, నమోదైన దాతృత్వ సంస్థలకు మినహాయింపులున్నాయి.

భారతదేశంలో ఈమెయిల్ స్పామ్‌కు చట్టం ఉందా?

దానికంటూ ప్రత్యేక చట్టం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలూ, ప్రకటనలు వద్దని చెప్పుకునే 1909 నంబరూ ఫోన్ కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకే. పంపినవారి గుర్తింపు దాచి విసిగించే మెయిళ్లను శిక్షించే వాక్యం ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌లో ఉండేది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. ఇప్పుడు ఆశ 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద. దాని ప్రకారం సమ్మతి స్పష్టంగా ఉండాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఒక చిల్లు మాత్రం గమనించండి: మీ అంతట మీరే బహిరంగంగా పెట్టిన సమాచారానికి ఆ చట్టం వర్తించదు. వెబ్‌సైట్‌లో రాసుకున్న మీ చిరునామాను ఏరుకుని పంపేవాడికి ఇది ఊతమిస్తుంది.

## పంపేవారి సందేహాలు

కొన్న జాబితాకు పంపితే ఏమవుతుంది?

ఆప్ట్-ఇన్ దేశాల్లో అమ్మినవాడికిచ్చిన సమ్మతి మామూలుగా మీకు చెల్లదు; మీ పేరు చెప్పి తీసుకున్నారని మీరు నిరూపించాలి. అమెరికాలో కొన్న జాబితా దానంతటది నేరం కాదు, కానీ వద్దన్నవారి చిరునామాలు ఇతరులకు అమ్మడం నేరం. వెబ్‌సైట్లు గాలించి ఏరిన జాబితా అయితే శిక్ష పెరుగుతుంది. చట్టం పట్టుకోకముందే నష్టం మొదలవుతుంది: అలాంటి జాబితాల్లో స్పామర్లను పట్టడానికి పెట్టిన ఉచ్చు చిరునామాలుంటాయి. ఒక్కదానికి పంపినా మీ సర్వరు నిషేధ జాబితాకెక్కి, రసీదు మెయిళ్లు కూడా చేరకపోవచ్చు.

సమ్మతి అడగడానికి ఒక్క మెయిల్ పంపుకోవచ్చా?

పంపకండి. కెనడాలో సమ్మతి అడిగే మెయిల్ కూడా వాణిజ్య మెయిలే. బ్రిటన్‌లో 2017లో ఫ్లైబీ విమాన సంస్థ, వద్దన్న 33 లక్షల చిరునామాలకు "మీ వివరాలు సరిచూసుకోండి" అని పంపి 70,000 పౌండ్ల జరిమానా కట్టింది. హోండా ఐరోపా విభాగానికి, సమ్మతి ఉందో లేదో స్పష్టంగా లేని చిరునామాలకు పంపినందుకు 13,000 పౌండ్లు పడింది. సమ్మతి రుజువు దొరకని చిరునామాలను తీసేయడమొక్కటే దారి.

అన్‌సబ్‌స్క్రైబ్ లింకు పెట్టాం. అయినా ఫిర్యాదులొస్తున్నాయి. ఎక్కడ తప్పుతోంది?

ఎక్కువసార్లు నాలుగు చోట్ల. లాగిన్ చేస్తేనే ఆగేలా పెట్టడం. వార్తాలేఖ జాబితాలో తీసేసి, అమ్మకాల బృందం వాడే మరో జాబితాలో మర్చిపోవడం. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు 'వద్దన్నవారి' పట్టికను వెంట తీసుకెళ్లకపోవడం. మనిషి చేత్తో తీసే పద్ధతి పెట్టుకుని సెలవుల్లో గడువు దాటించడం. వద్దన్న చిరునామాను పూర్తిగా చెరిపేయకండి. ప్రత్యేక పట్టికలో ఉంచి, ప్రతి పంపకానికీ ముందు దానితో సరిపోల్చండి. చెరిపేస్తే మరో దారిలో అదే చిరునామా మళ్లీ జాబితాలోకొస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ భారీగా పంపేవారి నుంచి ఒక్క నొక్కుతో ఆగే హెడర్‌ను కోరుతున్నాయి. రెండు రోజుల్లో ఆపాలి. జీమెయిల్ లెక్కలో భారీగా అంటే దాని ఖాతాలకు రోజుకు 5,000 దాటడం. ఇది చట్టం కాదు, కానీ చట్టం ఇచ్చే గడువుకంటే కురచ.

ఏజెన్సీ చేత పంపించాం. తప్పు వాళ్లదే కదా?

ఇద్దరిదీ. అమెరికా చట్టం పంపినవాడినే కాక, ఎవరి సరుకు ప్రచారమవుతోందో వారినీ బాధ్యులను చేస్తుంది.

## అందుకున్నవారి సందేహాలు

అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే ఇంకా ఎక్కువ వస్తాయంటారు. నొక్కాలా వద్దా?

మీరు ఎప్పుడైనా కొన్న, నమోదైన సంస్థ అయితే నొక్కండి. ఆ తేదీ రాసి పెట్టుకోండి. గడువు దాటాక వచ్చిన మెయిలే మీ ఫిర్యాదుకు బలం. ఎన్నడూ వినని పేరు, పొంతనలేని లింకు అయితే నొక్కకండి, స్పామ్‌గా గుర్తించి వదిలేయండి.

ఫిర్యాదుకు ఏం దాచుకోవాలి?

స్క్రీన్‌షాట్ చాలదు. మెయిల్ మెనూలో 'అసలు రూపం చూపు' ఎంచి, పూర్తి హెడర్లతో ఫైలుగా దించుకోండి. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు పోతాయి. 'రిసీవ్డ్' వరుసలను కింది నుంచి పైకి చదివితే మెయిల్ వచ్చిన దారి తెలుస్తుంది. అయితే పైన మీ మెయిల్ సంస్థ సర్వరు చేర్చిన వరుసలే నమ్మదగినవి, కిందివాటిని స్పామర్ కల్పించగలడు. వద్దని చెప్పిన రోజు, ఆ తర్వాత వచ్చిన మెయిళ్ల తేదీలు ఒక కాగితం మీద వరుసగా రాయండి.

నేనే కోర్టుకు వెళ్లవచ్చా?

దేశాన్ని బట్టి. అమెరికా ఫెడరల్ చట్టం కింద ఆ హక్కు ప్రభుత్వ సంస్థలకు, రాష్ట్ర అటార్నీ జనరల్‌లకు, ఇంటర్నెట్ సేవల సంస్థలకే. 2009లో ఒక వ్యక్తి తానే సేవల సంస్థనంటూ వేసిన కేసును తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1998 నాటి చట్టం ఇంకా బతికే ఉంది: మోసపూరిత సబ్జెక్ట్ లైన్ ఉంటే అందుకున్నవారే దావా వేయవచ్చు. "ఇవాళే ఆఖరు" అని చెప్పి మర్నాడూ తగ్గింపు కొనసాగించడం లాంటి అబద్ధం కూడా దాని కిందికి వస్తుందని 2025 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు దారి తెరిచింది. ఇజ్రాయెల్‌లో నష్టం నిరూపించకుండానే ఒక్కో మెయిల్‌కు 1,000 షెకెళ్ల వరకు కోరవచ్చు.

ఇన్ని చట్టాలున్నా స్పామ్ ఎందుకు ఆగలేదు?

చట్టం చిరునామా ఉన్నవాడినే పట్టుకోగలదు. స్పామ్‌లో పెద్ద భాగం వైరస్ సోకిన ఇతరుల కంప్యూటర్ల నుంచి, దొంగ పేర్లతో వస్తుంది. 2008 నవంబరులో మెకోలో అనే హోస్టింగ్ సంస్థకు ఇంటర్నెట్ కనెక్షన్ కోసేయగానే ప్రపంచ స్పామ్ సగానికి పైగా పడిపోయింది. కొన్ని నెలలకు మళ్లీ పుంజుకుంది. అక్కడ పనిచేసింది కోర్టు తీర్పు కాదు, దానికి కనెక్షన్ ఇచ్చే సంస్థల నిర్ణయం. అయినా చట్టాలు వృథా కాలేదు. పేరున్న సంస్థలు అన్‌సబ్‌స్క్రైబ్ లింకు పెట్టడం, అది పనిచేయడం వీటి వల్లే. 2024లో వెర్కాడా అనే సంస్థ వద్దన్నవారికీ మెయిళ్లు పంపిందన్న ఆరోపణతో సహా వేసిన కేసులో 29.5 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

పంపినవాడు వేరే దేశంలో ఉంటే నా ఫిర్యాదుకు విలువ ఉందా?

ఉంది. కెనడా చట్టం, ఆ దేశంలోని కంప్యూటర్‌లో మెయిల్ తెరిచినా వర్తిస్తుంది. ఆస్ట్రేలియా చట్టం కూడా ఆ దేశంతో లంకె ఉంటే చాలంటుంది. అమెరికాలో 2006 నాటి సేఫ్ వెబ్ చట్టం విదేశీ సంస్థలతో దర్యాప్తు సమాచారం పంచుకునే అధికారాన్ని ఎఫ్‌టీసీకి ఇచ్చింది. మీరు చేయవలసింది రెండు ఫిర్యాదులు. ఒకటి ఎవరి సరుకు ప్రచారమవుతోందో ఆ దేశపు నియంత్రణ సంస్థకు. రెండోది హెడర్‌లో కనిపించే ఐపీ చిరునామా ఏ నెట్‌వర్క్‌దో చూసి, వాళ్ల 'అబ్యూస్' (దుర్వినియోగ ఫిర్యాదుల) మెయిల్‌కు. రెండో దాంట్లో పూర్తి హెడర్లు, సమయం, టైమ్‌జోన్ లేకపోతే అది పక్కన పడిపోతుంది, ఎందుకంటే అదే ఐపీని వేర్వేరు గంటల్లో వేర్వేరు ఖాతాదారులు వాడుతుంటారు.